పూల వాల్‌నట్ పెట్టె: 1690ల నాటిదా, విక్టోరియా కాలం నాటిదా?

లండన్‌లో వేలంపాటలకు వెళ్ళడం మొదలుపెట్టిన మనవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. వాల్‌నట్ (అక్రోటు చెక్క) మీద పూల మార్క్వెట్రీ, అంటే రంగురంగుల పల్చటి చెక్క ముక్కలతో కూర్చిన పూల పని, ఉన్న సొరుగుల పెట్టె కొనాలంటే 17వ శతాబ్దం చివర ఇంగ్లండును ఏలిన విలియం-మేరీల కాలం నాటిదే వెతకాలా, 19వ శతాబ్దపు విక్టోరియా కాలంలో అదే తీరున చేసింది చాలదా?

చూపుకి రెండోదే గెలుస్తుంది. నున్నగా, పెచ్చు ఊడకుండా ఉంటుంది, ధరా తక్కువ. పాతదానికి పైపలక మీద ఓ పగులు తప్పదు. అడుగున గుండ్రటి కాళ్ళు ఎవరో ఎప్పుడో మార్చేసి ఉంటారు.

అయినా నేను పూలకన్నా ముందు సొరుగు అంచు చూస్తాను. సొరుగు సగం లాగి, ముందు పలక పై అంచు మీద టార్చి వేయండి. లోపలి చెక్కకు అతికించిన వెనీర్, అంటే పైనున్న మంచి చెక్క పొర, గీతలా కనిపిస్తుంది. 1690ల్లో దాన్ని చేతిరంపంతో కోసేవాళ్ళు కాబట్టి ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకు రెట్టింపు ఉంటుంది. 19వ శతాబ్దంలో యంత్రాలొచ్చాక అది శుభలేఖ అట్టంత అయిపోయింది. ఇంట్లో హీటింగుకి అడుగు చెక్క కుంచించుకుపోతే పై పొర లేస్తుంది. మందంగా ఉంటే మళ్ళీ అతికించి, పైపైన గీకి, పాలిష్ పెట్టొచ్చు. మూడొందల ఏళ్ళుగా జరుగుతున్నది అదే. పల్చటిదానికి అంత ఓర్పు లేదు. నేను మొదట కొన్న విక్టోరియా బల్లను పాలిష్‌కి ఇస్తే, ట్యూలిప్ రేకు నడుమ అడుగునున్న పైన్ చెక్క తేలి తిరిగొచ్చింది. చెక్క రేకును వేడి ఇసుకలో ముంచి, అంచు కాస్త మాడ్చి తెచ్చిన నీడ పోతే పువ్వు ఉత్త మరకే.

మరి డచ్చి పెట్టెలో? ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ మెకెరెన్ అనే పనివాడు చేసినదాన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూసి రండి. బజారులో దొరికేవాటిలో మాత్రం 18వ శతాబ్దపు సాదా పెట్టెకు మరుసటి శతాబ్దంలో పూలు పెట్టినవి చాలా. తెలిసి కొంటే తప్పేం లేదు.

మన విశాఖపట్నం దంతపు పనితో దీన్ని పోల్చకండి. అందులో తొలినాటి పని గట్టిచెక్కను తొలిచి దంతం పొదగడం. ఇక్కడ పువ్వూ, దాని చుట్టూ ఉన్న చెక్కా కలిపి ఒకే పొర.

దంతం మాట వచ్చింది కాబట్టి: ఆ పూల పనిలో తెల్ల మల్లెలుంటే అవి ఎముకవో దంతానివో అడగండి. 2022 నుంచి బ్రిటన్‌లో ఏనుగు దంతమున్న ఇలాంటి పాత సామాను అమ్మాలంటే సాధారణంగా అది 1947కి ముందుదై, దంతం పదిశాతంలోపు ఉండి, రిజిస్టరు కావాలి. ఎముకకు ఈ బాధ లేదు.

చివరికి నేను కొన్నది పగిలిన 1690ల పెట్టే. ఆకులకు పచ్చరంగు వేసిన ఎముక వాడారు గానీ, ఎండకి అన్నీ గోధుమరంగుకు తిరిగాయి. మొన్న తాళం చుట్టూ ఉన్న ఇత్తడి రేకు విప్పితే, దాని కింద సగం ఆకు ఇంకా పచ్చగానే ఉంది.