కొత్త ప్రాజెక్టు కట్టడమా, పాత కాలువను కాపాడడమా? ఇంజనీరు ఎక్కడుంటే దేశానికి మేలు?

మా అన్నయ్య కూతురికి జలవనరుల శాఖలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఆప్షన్లు ఇవ్వడానికి ముందురోజు రాత్రి ఫోన్ చేసింది. "బాబాయ్, కొత్త రిజర్వాయర్ కడుతున్న సర్కిల్ పెట్టనా, పాత కాలువల సబ్‌డివిజన్ పెట్టనా? మా బ్యాచ్‌లో అందరూ కన్‌స్ట్రక్షనే అంటున్నారు. మెయింటెనెన్స్‌కి వెళ్తే కెరీర్ అక్కడే ఆగిపోతుందట" అంది టెన్షన్‌గా.

నేను అదే శాఖలో 31 ఏళ్లు చేశాను. మొదటి 9 ఏళ్లు నిర్మాణంలో, ఆ తర్వాత రిటైరయ్యే దాకా నిర్వహణలో. రెండుచోట్లా ఎండలో నిలబడ్డవాణ్ణే. అయినా ఆ రాత్రి వెంటనే చెప్పలేక, పొద్దున మాట్లాడదామన్నాను. తను అడిగింది ఒక్క పోస్టింగ్ గురించే అయినా, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒక ఇంజనీరు చదువుకీ జీతానికీ జనం కట్టిన పన్ను ఖర్చవుతుంది. ఆ ఇంజనీరు ఏ పనిలో ఉంటే ఆ డబ్బు ఎక్కువ పంటగా, ఎక్కువ రాబడిగా తిరిగొస్తుంది?

ముందు నిర్మాణం సంగతి చూద్దాం. దాని బలం మామూలుది కాదు.

1832-33లో వచ్చిన కరువును గుంటూరు సీమలో ఇప్పటికీ డొక్కల కరువనే అంటారు. గోదావరి జిల్లాలు కూడా ఆ రోజుల్లో కరువులతో, తుఫాన్లతో చితికిపోయి ఉన్నాయి. వానాకాలం వస్తే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసేది. ఒడ్డునే ఉన్న పొలానికి మాత్రం ఆ నీరు ఎక్కేది కాదు. ఆర్థర్ కాటన్ పట్టుకున్నది ఆ ఎత్తు తేడానే. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. కూలీలను కూడగట్టి, పని ఆగకుండా చూసి కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు మన వీణెం వీరన్న. 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆ కట్టడం చేసిందల్లా నదిలో నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపడం. ఆ కొన్ని అడుగులతోనే నీళ్లు తమంతట తాము కాలువల్లోకి ఎక్కాయి. పంపు లేదు, కరెంటు లేదు. ఇవాళ కాటన్ బ్యారేజీ కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. డెల్టాలో వరి మిగిలింది. ఆ మిగులు రైసుమిల్లులయింది, లారీలయింది, సినిమా హాళ్లయింది, పిల్లల కాలేజీ ఫీజులయింది. గోదావరి జిల్లాల్లో స్నాన సంకల్పంలో కాటన్ పేరు చెప్పుకోవడం వెనక ఉన్నది ఇదంతా.

నాగార్జునసాగర్ ఇంకోరకం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన డ్యాం అది. సిమెంటు, యంత్రాలు కరువైన కాలంలో మనదగ్గర దండిగా ఉన్నవి రాయి, మనిషి చెయ్యి. అందుకే రాతి కట్టడం ఎంచుకున్నారు. వేలమంది కూలీలకు ఏళ్ల తరబడి పని దొరికింది. దేశం దగ్గర ఏది ఉందో చూసుకుని దానికి తగ్గ డిజైన్ వెయ్యడం ఇంజనీరు చేయగల పెద్ద ఆర్థిక సేవ అని నా నమ్మకం. పుస్తకంలో ఉన్న మంచి డిజైను, మన ఊరికి పనికొచ్చే డిజైను ఎప్పుడూ ఒకటి కావు.

కాబట్టి నీళ్లే లేనిచోట చర్చే లేదు. ఎగువ మెట్టభూముల్లో వెయ్యి అడుగుల బోరు వేసి, అది ఎండిపోతే పక్కనే ఇంకోటి వేసి అప్పుల పాలైన రైతుకు పాత కాలువ మరమ్మతు గురించి చెప్పి లాభం లేదు. అక్కడికి ఇప్పటిదాకా కాలువే రాలేదు. అక్కడ కొత్తగా కట్టాల్సిందే.

మరి ఇప్పటికే కట్టినవాటి సంగతి?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగింది. రిజర్వాయర్ నిండుకుండలా ఉంది. ఆ గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. గొలుసు తెగడంతో గేటు కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖానా గుండానే దాదాపు 35 వేల క్యూసెక్కులు, అంటే సెకనుకు 35 వేల ఘనపుటడుగుల నీళ్లు కిందికి దూకాయి. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వందకోట్ల ఘనపుటడుగులు. అంటే ఒక్క గేటు నుంచి రోజుకు మూడు టీఎంసీలు. ఆరుతడి పంటైతే ఒక టీఎంసీతో పదివేల ఎకరాలు తడుస్తాయని మా శాఖలో నోటిలెక్క. బళ్లారి, రాయచూరు నుంచి కర్నూలు, అనంతపురం దాకా, రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కింద పాలమూరు దాకా ఎంతమంది రైతులు ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఉంటారో తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

మామూలుగా అయితే నీటిని గేటు అడుగు దాకా ఖాళీ చేశాకే కొత్త గేటు బిగించాలి. అలా చేస్తే ఆ ఏటి పంట పోయినట్టే. అప్పుడు రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడుగారిని పిలిపించారు. పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ పలకలను ఒకదాని మీద ఒకటి దించి ఖానా మూసేద్దామన్నారాయన. వారం తిరిగేసరికి మూసేశారు. డ్యాంలో సగానికి పైగా నీళ్లు మిగిలాయి. ఆ వారంలో ఆ టీము దేశానికి ఎంత సంపాదించిపెట్టిందో లెక్కగడితే, ఒక మధ్యతరహా ప్రాజెక్టు కొన్నేళ్లలో ఇచ్చేదానికి తక్కువ రాదనిపిస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. అప్పటికి గేట్లన్నీ 1953 నాటివే, మొత్తం 33. పరీక్షించి చూస్తే చాలావాటి ఇనుము బలహీనపడిందని తేలింది. దాంతో 105 టీఎంసీలు పట్టే డ్యాంలో 2025 వానాకాలంలో 80 టీఎంసీలకు మించి నిల్వ పెట్టకుండా జాగ్రత్తపడాల్సి వచ్చింది. వాన కురిసింది, వరద వచ్చింది, డ్యాం ఉంది. గేటును నమ్మలేక 25 టీఎంసీల చోటు ఖాళీగా వదిలేశాం. పైన చెప్పిన నోటిలెక్క ప్రకారం అది రెండున్నర లక్షల ఎకరాలు. 25 టీఎంసీల కొత్త రిజర్వాయర్ కట్టాలంటే ఎంత భూమి సేకరించాలో, ఎన్ని ఊళ్లు ఖాళీ చేయించాలో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. నేను చేశాను. సామాన్లు బండికెత్తి ఇంటికి తాళం వేసి, ఆ తాళంచెవి ఎవరికివ్వాలని నన్నడిగిన ముసలమ్మ ముఖం నాకింకా గుర్తుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అదే తుంగభద్రలో మొదట 133 టీఎంసీలు పట్టేవి. మిగతాది పూడిక తినేసింది. ఈ విషయంలో నిర్వహణ గెలవదు. అంత మట్టి తవ్వి ఎక్కడ పోస్తాం? కర్ణాటక నవలి దగ్గర సమతుల్య జలాశయం కట్టాలంటున్నది ఆ నష్టం పూడ్చుకోవడానికే. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. పూడిక తీయడం చెల్లుబాటయ్యేది చిన్న చెరువుల్లోనే. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో ఆ పనే చేశారు. తీసిన మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. చెరువులో చోటు పెరిగింది, చేనుకు సత్తువ వచ్చింది. కాకతీయుల కాలపు కట్ట, తూము, మత్తడి అలాగే ఉన్నాయి కాబట్టి కొత్తగా భూమి సేకరణ లేదు. ఏడాది రెండేళ్లలో ఫలితం కనబడే పని అది. తుంగభద్రను అలా తవ్వుతామంటే కుదరదు.

రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మాట ఎత్తాలంటేనే గొంతు పట్టేస్తుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు వరదకు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. అంత వరదకు ఐదూ లేచినా ఆగేదా అన్నది వేరే చర్చ. లేవాల్సిన గేటు లేవలేదన్నది మాత్రం నిజం. పులపత్తూరు, మందపల్లి వైపు ఇళ్లు, పశువులు, మనుషులు పోయారు. ఒక ఊరు తన సంపాదనంతా పెట్టుకునేది ఇంట్లో, గొడ్లలో, పొలంలో. ఆ మూడూ ఒక్క పూటలో పోతే తేరుకోవడానికి ఒక తరం పడుతుంది.

పెద్ద డ్యాంల గురించి పేపర్లో అయినా వస్తుంది. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం చిన్న తూముల దగ్గర గడిచింది. అలాంటిది ఒకటి చెబుతాను. నేను నిర్వహణకు మారిన కొత్తలో ఒక మైనర్ కాలువ తల తూము దగ్గర షట్టర్ ఎత్తే మరచువ్వ వంగిపోయింది. చక్రం తిప్పితే కిర్రుమని అక్కడే ఆగిపోయేది. రైతులు గడ్డపారతో షట్టర్ లేపి కింద బండరాయి పెట్టారు. ఆ రాయి మూడు సీజన్లు అలాగే ఉంది. దాని కింద 640 ఎకరాలు. పైవాళ్ల పొలాల్లో రాత్రీపగలూ నీళ్లు నిలిచి పైరు ఎర్రబారేది, చివరివాళ్ల పొలాలు బీటలు తీసేవి. ఎస్టిమేట్ ఎంతో తెలుసా? మరచువ్వ, గేరు, రబ్బరు సీలు, కూలీ అన్నీ కలిపి 18 వేలు. ఎకరాకు 28 రూపాయలు. చిన్న మొత్తం కాబట్టి ఆ ఫైలు ఏ టేబుల్ మీదా అర్జెంటు కాలేదు. అదే ఏడాది అదే ఆఫీసులో కోట్ల రూపాయల కొత్త పని టెండర్ మాత్రం రోజుల మీద కదిలింది. చివరికి మంజూరు వచ్చాక నేనే పాత చువ్వను జీపులో వేసుకుని టౌన్లో లేత్ షాపుకు పట్టుకెళ్లాను. బిగించిన సాయంత్రం చివరి బోదెలో నీళ్లు పారుతుంటే, అక్కడి పెద్దాయన అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని, "ఈ పూట డీజిల్ ఇంజను ఆపేశా సార్" అన్నాడు. ఆయనకు ఆ సీజన్లో మిగిలిన డీజిల్ ఖర్చు మా ఎస్టిమేట్‌లో ఏ కాలమ్‌లోనూ ఉండదు. దేశం లెక్కల్లో మాత్రం ఉంటుంది. పెట్టుబడి తగ్గిన ప్రతి ఎకరం దేశానికి లాభమే.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కొత్త కట్టడం కంటికి కనిపిస్తుంది, దానికి శిలాఫలకం ఉంటుంది, బడ్జెట్‌లో పెద్ద పద్దు ఉంటుంది. తెగకుండా ఉన్న గొలుసుకు ఫొటో ఉండదు. కాలువనూ తూములనూ కనిపెట్టుకుని ఉండే లస్కర్ రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని కట్ట మీద నడిచి, ఎలుక బొరియ దగ్గర ఊట చూసి మట్టిబస్తాలు వేయిస్తే తెల్లారి ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను చేరినప్పుడు మా సబ్‌డివిజన్‌లో 42 మంది లస్కర్లు ఉండేవాళ్లు. నేను దిగిపోయేనాటికి 7 మంది.

కొత్తది కాబట్టి భద్రమనీ అనుకోవద్దు. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న పిల్లర్ కుంగింది. జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు ప్లానింగ్, డిజైన్, నాణ్యత పరిశీలనలతో పాటు నిర్వహణను కూడా తప్పుపట్టారు. వయసు నాలుగేళ్లే. మరోపక్క గోదావరి డెల్టా కాలువలు నూటడెబ్బై ఏళ్లు దాటినా పారుతున్నాయి. దానికి కాటన్ ప్రతిభ ఒక కారణమైతే, ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేసుకునే పద్ధతి ఇంకో కారణం. ఆనకట్టే పాతబడిపోతే దాని స్థానంలో బ్యారేజీ కట్టుకున్నాం కూడా. విజయవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

అందుకే నా తూకం ఇలా ఉంది. నీరే చేరని నేలకు నిర్మాణం మేలు, దానికి సాటి లేదు. కట్టిన కాలువ, డ్యాం, చెరువు ఉన్న చోట, అంటే మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు చాలా చోట్ల, రూపాయికి ఎక్కువ రాబడి ఇచ్చేది నిర్వహణే. నేర్చుకోవడానికి ఏది మంచిదని అడిగితే మాత్రం నిర్మాణానికే ఓటేస్తాను. పునాది తవ్వడం, కాంక్రీటు పోయడం కళ్లతో చూడనివాడికి పగులు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నా తొమ్మిదేళ్ల నిర్మాణమే నన్ను తర్వాత కాపాడింది. కానీ మా అమ్మాయి బ్యాచ్‌లో అందరూ అటే పోతున్నారు. ఇటువైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒక మనిషి తక్కువైతే ఎక్కువ నష్టం ఇటే.

పొద్దున ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మరి కెరీరో?" అంది. ప్రమోషన్ కొంచెం ఆలస్యం కావచ్చమ్మా, నాకూ అయింది అని దాచకుండా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం మెసేజ్ పెట్టింది, కాలువల సబ్‌డివిజనే పెట్టానని.

చేరిన వెంటనే లస్కర్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోమన్నాను. కాలువ కట్టేసిన నెలలో ఆఫీసులో కూర్చోకుండా ప్రతి తూము కిందికీ దిగి రబ్బరు సీలు చేత్తో తడిమి చూడమన్నాను. నీళ్లు వదిలే ముందు ప్రతి గేటునూ ఒక్కసారైనా పూర్తిగా పైకెత్తి, మళ్లీ పూర్తిగా కిందికి దించి చూడమన్నాను. ఎక్కడైనా కిర్రుమంటే, ఆ రోజే రాసి సంతకం పెట్టి పైకి పంపమన్నాను.