అర్థం ముందా, పద్యం ముందా?

"అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల..." పోతన భాగవతంలోని ఈ పద్యం నాకు నోటికొచ్చిన చాలా ఏళ్లకు గానీ అర్థం తెలీలేదు. చివర్లో వచ్చే "కుయ్యాలించి"లో నాకు ఉయ్యాల వినపడేది, ఏనుగు ఉయ్యాల ఊగుతోందనే అనుకునేవాణ్ణి. కుయ్యి అంటే మొర, ఆలించడమంటే వినడం అని తెలిశాక సిగ్గేసింది కానీ అన్నేళ్లూ పద్యాన్ని ఆస్వాదించలేదని మాత్రం అనలేను.

మరి ప్రతిపదార్థం చూసుకుని చదవడం మేలా, అర్థమైనంత అయిందిలే అని ముందు చెవిన వేసుకోవడం మేలా?

నా ఓటు చెవికే. ఈ పద్యమే చూడండి. మత్తేభమనే ఛందస్సు, పాదానికి 20 అక్షరాలు, ప్రాసాక్షరం (ప్రతి పాదంలోనూ రెండో అక్షరం) "ల". ఆ ప్రాస కోసం పోతన మొదటి మూడు పాదాల చివరా మాటని నడిమికి విరిచేశాడు: దా-పల, కాంతోపలో-త్పల, వి-హ్వల. పాదం అయిపోయింది కదా అని ఆగుదామంటే మాట పూర్తి కాదు, మాట పూర్తిచేద్దామంటే తర్వాతి పాదంలో పడిపోతాం, ఇంక ఊపిరి తీసుకునే చోటే ఉండదు. సందర్భమేమో, మొసలికి చిక్కిన ఏనుగు మొర విని విష్ణువు గబగబా లేవడం. కథ తెలీకముందే ఆ తొందర నాకు అందింది. అసలైన కవిత్వం అర్థం కాకముందే అందుతుందని ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ 1929లో డాంటే మీద రాసిన వ్యాసంలో అన్నాడు, నాకు ఎలియట్ కన్నా ముందు ఏనుగే చెప్పింది.

కానీ అర్థం పక్షాన కూడా గట్టి వాదనే ఉంది. వైకుంఠం, అందులో నగరు, నగరులో ఓ మూల మేడ, మేడ దాపున మందార వనం, వనంలో అమృతపు కొలను, కొలను ఒడ్డున చంద్రకాంత శిలల మీద కలువల పాన్పు, ఆ పాన్పు మీద లక్ష్మితో ఆయన. ఒక్కో మాటా మనల్ని ఇంకాస్త లోపలికి తీసుకెళ్తుంది. అంత లోపల, అంత సుఖంగా ఉన్నవాడికి ఎక్కడో అడవిలో మొర వినపడింది! ఇది చెవికి ఎన్నిసార్లు విన్నా దొరకదు, మాట మాటా విప్పుకోవాల్సిందే. (దాపల అంటే ఇక్కడ దగ్గర అనాలా, ఎడమపక్క అనాలా అని ఇప్పటికీ తటపటాయిస్తాను. పద్యానికేమీ లోటు రాలేదు.)

అలాగని మొదటిరోజే ప్రతిపదార్థంతో మొదలుపెడితే పద్యం పరీక్ష పేపర్ అయిపోతుంది. ముందు నోటికొస్తే అర్థం ఎప్పుడో ఓ రోజు, స్నానం చేస్తుంటేనో బస్సులో కూర్చుంటేనో తనంతట తనే విడివడుతుంది, ఆ సరదా వేరు.

చెవిని నమ్ముకోవడంలో మోసపోయే ప్రమాదమూ ఉంది. పొడుగాటి సమాసాలు ఢమఢమ మోగుతుంటే లోపల సరుకు లేకపోయినా ఆహా అనేస్తాం. నేనూ అనేశాను, ఒకటి రెండు సార్లు కాదు.

వేమన ఆటవెలదికి ఈ గొడవే లేదు, వినగానే అర్థమైపోతుంది. వచన కవితలో నడిపించే ఛందస్సు ఉండదు కాబట్టి అర్థం జారిపోతే పట్టుకోడానికి చాలాసార్లు ఏమీ మిగలదు, అక్కడ నెమ్మదిగానే చదువుతాను. ఇక పింగళి సూరన రాఘవపాండవీయం లాంటివైతే నా సిద్ధాంతం పూర్తిగా బోల్తా. ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ రెండూ నడుస్తుంటే, చెవికి వినపడేది మాత్రం ఒకటే. అక్కడ నిఘంటువు ముందు పెట్టుకుని, టీక తెరిచి, బుద్ధిగా కూర్చుంటాను.