‘పేల్ ఫ్లవర్’: కథ కంటే ముందు ముక్కల మీద కన్నేయండి

గ్యాంగుల కొట్లాట చూద్దామని ఈ సినిమా పెట్టుకుంటే అరగంటకే చేయి ఫోను మీదికి పోతుంది. జపాన్ దర్శకుడు మసహిరో షినోదా తీయగా 1964లో షోచికు స్టూడియో విడుదల చేసిన ఈ నలుపు తెలుపు బొమ్మలో ముఠా తగాదా పేరుకే ఉంది. మురాకి అనే ముఠా మనిషి అవతలి ముఠావాణ్ణి చంపి మూడేళ్లు జైల్లో ఉండి వస్తాడు. వచ్చేసరికి తన పెద్దా, ఆ ముఠా పెద్దా రాజీపడి ఒకే పక్కన కూర్చుని ఉంటారు. ఒసాకా నుంచి కొత్తగా దిగిన ముఠాతో ఇద్దరికీ పేచీ మరి. అంటే అతను చేసిన హత్య ఎందుకూ కొరగాకుండా పోయింది. ముఠా కథ దాదాపు అక్కడితో సరి. మిగతాదంతా జూదం, జూదంలో ఎదురైన సాయెకో అనే డబ్బున్న అమ్మాయి, రాత్రుళ్లు.

చాలాసార్లు చూసిన మీదట తేలిందేమిటంటే, అందులో ఆడే ఆట అర్థంకాకపోతే సినిమాలో సగం పోయినట్టే. ఆ ఆట పేరు తెహోంబికి, జపాన్ పేకాట. ముక్క పెట్టేవాడి దగ్గర ఒకటి నుంచి ఆరు దాకా ఆరు ముక్కలుంటాయి. వాటిని ఎవరికీ కనపడకుండా చేతిలో తిప్పి, ఒకదాన్ని ఎంచి గుడ్డ చాటున పెడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు అది ఏ అంకో ఊహించి తమ ముక్కల్ని బోర్లా వేసి పందెం కాస్తారు. ‘షోబు’ అని కేక పడగానే గుట్టు బయటపడుతుంది. ముక్క పెట్టేవాడి ముందు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న ఆరు బిళ్లలు వరసగా పేర్చి ఉంటాయి. తెరిచిన అంకె బిళ్లని ప్రతిసారీ ఒక చివరికి జరుపుతాడు కాబట్టి ఇందాకటి నుంచి ఏది ఎప్పుడు పడిందో అందరి కళ్లముందే ఉంటుంది.

మన కోతముక్కలో, అదే లోనా బయటా ఆటలో, ముక్క ఎటు పడుతుందో పంచేవాడికీ తెలీదు. ఇక్కడ తెలుసు. కావాలనే ఎంచాడు. అందుకే ఇది అదృష్టం మీద కాసే పందెం కాదు, ఎదుటివాడి బుర్ర మీద కాసే పందెం. మూడు అంకెని వరసగా రెండుసార్లు పెట్టినవాడు మూడోసారీ పెడతాడా, పెడతాడని మనం అనుకుంటామని మానేస్తాడా? షినోదా ఆ చేతుల్నీ బిళ్లల్నీ కళ్లనీ మార్చి మార్చి అంతసేపు చూపించడం వట్టి సోకు కాదు. ఆట నడిచే చోటు అదే. మొదటిసారి చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ వెంట పడకుండా, జూదం సీన్లలో ముందు బిళ్లలు, తర్వాత చేయి, ఆ తర్వాత సాయెకో ముఖం చూడండి. గెలిచినా ఓడినా ఆ ముఖంలో పెద్ద తేడా ఉండదు. పందెం పెరిగినప్పుడే కళ్లు వెలుగుతాయి. అక్కడ దొరికే కిక్కు చాలక రాత్రిపూట కారు రేసుకి, ఆపైన మత్తుమందు వైపుకి పోయే మనిషి ఆమె.

ఈ జూదం సీన్లే సినిమాకి చిక్కు కూడా తెచ్చాయి. స్క్రీన్‌ప్లే రాసిన మసారు బాబా తన రాతని బొమ్మలు మింగేశాయని అలిగాడు, సినిమా కొన్ని నెలలు డబ్బాల్లో ఉండిపోయింది. ఆయన ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ మింగెయ్యడం వల్లే ఇన్నేళ్ల తర్వాత కూడా దీని గురించి మాట్లాడుకుంటున్నాం.

శబ్దం స్వరకర్త తోరు తకెమిత్సుది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడే టకటకలో ట్యాప్ డ్యాన్సు చప్పుడు కలిపాడు. తెలిసి వింటే పట్టుబడుతుంది, తెలియకపోతే ఏదో తెలియని కంగారు మాత్రం మిగులుతుంది. చివర్లో మురాకి కత్తితో మెట్లెక్కే సీన్లో ఇంగ్లీషు స్వరకర్త పర్సెల్ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ‘డైడో అండ్ ఈనియస్’లోని పాట తప్ప ఇంకేమీ వినపడనివ్వడు. అరుపు లేదు, కత్తి చప్పుడు లేదు. తన చేతిలో ఉన్న పెద్ద పందెం ఇదే అన్నట్టు సాయెకోని పిలిచి మరీ ఆ హత్యని చూపిస్తాడు మురాకి. ఆ తర్వాత వచ్చే ముగింపు చెప్పడం లేదు, చూడాలి.

మురాకిగా ర్యో ఇకెబె నడక చాలు, డైలాగు అక్కర్లేదు. భుజాలు కదలవు, తొందర ఉండదు. సాయెకోగా వేసిన మరికో కగాకి అప్పటికి ఇరవై ఏళ్లకి అటూ ఇటూ, కళ్లతోనే లాక్కొచ్చింది.

లోపాల మాటకొస్తే, సాయెకో ఎవరు, ఎక్కడి నుంచి వచ్చింది, డబ్బు ఎక్కడిది, ఏదీ చెప్పరు. చెప్పకపోవడమే అందం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం సగం దాకానే అందం, ఆ తర్వాత ఎగవేతలా అనిపిస్తుంది. గది మూల గోడకి ఆనుకుని పేకాడకుండా చూస్తూ కూర్చునే యో పాత్ర ఇంకా పలచన. సగం చైనా రక్తం అని చెప్పి, దాన్నే భయానికి బదులు వాడేశారు. గడియారాల కొట్లో ఉండే పాత ప్రియురాలు షింకోకి దక్కింది మరీ తక్కువ, అయినా టిక్కుటిక్కుల మధ్య ఆమె ఉండే సీన్లు రెండోసారి చూస్తే గుచ్చుకుంటాయి. ‘టోక్యో డ్రిఫ్టర్’ అనే మరో జపాన్ ముఠా సినిమాలో దర్శకుడు సెయ్‌జున్ సుజుకి చల్లిన రంగులూ చిలిపితనమూ చూసి ఇటు వచ్చేవాళ్లకి ఇది చల్లారిన అన్నంలా ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఇక చూసే పద్ధతి. ఇది 2.39 వెడల్పు బొమ్మ. మామూలు టీవీలో ఎత్తులో పావు వంతు నల్లపట్టీలే ఉంటాయి. అవి నచ్చక జూమ్ నొక్కారో, వెడల్పులో పావు వంతు ఎగిరిపోతుంది. షినోదా మనుషుల్ని అంచుల్లో కూర్చోబెట్టే రకం, కాబట్టి పోయేది ఖాళీ గోడ కాదు. టీవీలో ‘వివిడ్’ మోడ్ తీసేసి ‘సినిమా’ మోడ్ పెట్టండి, కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఆపండి. చీకటి సందులో మురాకి మీదికి కత్తి విసిరే సీన్ పరీక్షకి పనికొస్తుంది. సందు గోడలు కనపడుతూ కత్తి విసిరిన మనిషి మాత్రం కనపడకపోతే సెట్టింగ్ సరిపోయినట్టే. మొత్తం తారులా నల్లగా ఉంటే బ్రైట్‌నెస్ రెండు మెట్లు పెంచండి, బూడిదరంగు పొగలా ఉంటే తగ్గించండి. గొంతు చిన్నదైనా పెద్దదైనా ఒకే స్థాయికి తెచ్చే ఆటో వాల్యూమ్ కూడా ఆపాలి, లేకపోతే ముక్కల టకటక, మాటలు, ఒపెరా అన్నీ ఒకే ఎత్తుకొచ్చి తకెమిత్సు పడ్డ శ్రమంతా బూడిదలో పోసినట్టవుతుంది. ఫోన్లో అయితే హెడ్‌ఫోన్ తప్పనిసరి, కానీ బిళ్లల మీది అంకెలు చదవడం కష్టం.

డిస్కు కొనేవాళ్లకి పాత సినిమాల డిస్కులు వేసే అమెరికా సంస్థ క్రైటీరియన్ 2011లో తెచ్చిన బ్లూరే ఉంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్, షినోదా ఇంటర్వ్యూ, తకెమిత్సు పని మీద సినిమా పండితుడు పీటర్ గ్రిల్లీ కొన్ని సీన్లకి చెప్పిన వ్యాఖ్యానం ఉంటాయి. వ్యాఖ్యానం రెండోసారికి దాచుకోండి. ముందే వింటే ట్యాప్ డ్యాన్సు మాటే చెవిలో పడి, మొదటి జూదం సీన్లో రావాల్సిన కంగారు రాదు. ఈ సమీక్ష చదివినవాళ్లకి ఆ నష్టం ఇప్పటికే జరిగిపోయింది, క్షమించాలి.