బుగ్గలు నొక్కితే ఫర్వాలేదు, నుదురు నొక్కితే వద్దు: ఒక హెల్మెట్‌తో మూడేళ్లు

మాది గుంటూరు బ్రాడీపేట, ఉద్యోగం విజయవాడలో. రానూపోనూ రోజుకు సుమారు 70 కిలోమీటర్లు బైక్ మీదే. ఇప్పుడు వాడుతున్న ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి మూడేళ్లు నిండాయి, 50,000 కిలోమీటర్లు దాటాయి. కంపెనీ పేరు మాత్రం రాయను. నా తలకు సరిపోయిందని మీరు అదే కొంటే, మీ తల వేరే రకమైతే నన్ను తిట్టుకుంటారు. దీనికి ముందు రెండు హెల్మెట్ల డబ్బు నేను అలాగే పోగొట్టుకున్నాను.

మొదటిది 600 సైజు, అంటే 60 సెంటీమీటర్ల చుట్టుకొలత తలకు. షాపులో పెట్టుకోగానే హాయిగా ఉంది, ఎక్కడా పట్టలేదు. ఆ హాయికే మోసపోయాను. నెల తిరిగేసరికి లోపలి స్పాంజి అణిగి తల లోపల ఆడటం మొదలైంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద పక్కకు చూద్దామని తల తిప్పితే తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. సగం చూపుకి అద్దం అంచు అడ్డం. వారధి మీద కృష్ణ గాలి కొడితే గడ్డం దగ్గర నుంచి పైకి లేచేది.

అప్పుడు మా ఆవిడ కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తీసి కొలుచుకున్నాను. కనుబొమల మీద వేలెడు పైనుంచి, చెవుల పైగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టాలి. 58 సెంటీమీటర్లు వచ్చింది. అంటే హెల్మెట్ల మీద రాసే 580. ఈ పని ముందే చేసి ఉండాల్సింది.

రెండోది 580. ఈసారి కొలత కరెక్టు, బాధ మాత్రం కొత్తది. నుదుటి మధ్యలో రూపాయి బిళ్లంత చోట సూదితో పొడిచినట్టు నొప్పి. మంగళగిరి వచ్చేసరికి మొదలయ్యేది, ఆఫీసులో హెల్మెట్ తీస్తే ఎర్రటి మచ్చ. మా సెక్షన్‌లో ఒకాయన రోజూ అడిగేవాడు: "ఏంటి గురువుగారూ, పానకాలస్వామిని చూసుకుని నామం పెట్టించుకొచ్చారా?" షాపాయన దగ్గరికి వెళితే "పెట్టుకోగా పెట్టుకోగా అదే సర్దుకుంటుంది సార్" అన్నాడు. రెండు నెలలు ఆగాను, సర్దుకోలేదు. తెలిసిన మెకానిక్ ఒకతను స్పూను వెనక భాగంతో నుదుటి దగ్గర, స్పాంజి వెనకున్న గట్టి థర్మకోల్‌ని లోపలికి నొక్కేస్తానన్నాడు. వద్దన్నాను. కింద పడ్డప్పుడు ఆ థర్మకోల్ నలిగే దెబ్బ తగ్గిస్తుంది. ముందే నలిపేస్తే ఇక అది చేసే పనేముంది?

అసలు సంగతి తర్వాత తెలిసింది. చుట్టుకొలత ఒకటే అయినా తలలన్నీ ఒకే ఆకారంలో ఉండవు. కొందరిది గుండ్రం, కొందరిది ముందునుంచి వెనక్కి పొడవు. మా నాయనమ్మ నన్ను చిన్నప్పుడు కోడిగుడ్డు తల అనేది, ఊరికే అనలేదు. గుండ్రటి హెల్మెట్‌లో నాలాంటి తల పెడితే నుదురు, వెనక తల నొక్కుకుపోతాయి, చెవుల పైన మాత్రం వేలు దూరేంత ఖాళీ. గుండ్రటి తలవాళ్లు పొడుగు హెల్మెట్ పెడితే కణతల దగ్గర నొప్పి. ఇది స్పాంజి అణిగితే పోయే నొప్పి కాదు, లోపలి గట్టి థర్మకోల్ ఆకారమే అంత.

అందుకని మూడోసారి వేరే కంపెనీది, అదే 580, షాపులో ఇరవై నిమిషాలు తలకు పెట్టుకునే కూర్చున్నాను. కుర్రాడు రెండుసార్లు "ప్యాక్ చేయమంటారా?" అని అడిగాడు. మూడోసారి అడక్కుండా నవ్వాడు. తీసి అద్దంలో చూసుకుంటే నుదుటిమీద మచ్చ లేదు. బుగ్గలు మాత్రం బాగా బిగుతు, మాట్లాడితే లోపలి చర్మం పళ్ల కింద పడుతోంది. వెనక అంచు పట్టుకుని ముందుకు లాగినా ఊడి రాలేదు. తల అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా దాంతోపాటు కదిలింది. తీసుకున్నాను. (ఐఎస్ఐ మార్కు సంగతి చెప్పక్కర్లేదనుకుంటా, 2021 జూన్ 1 నుంచి అది తప్పనిసరి.)

మొదటి మూడు వారాలు బుగ్గలకు విసుగే. నాలుగో వారానికి ప్యాడ్లు నా ముఖానికి అచ్చుపోసినట్టు అయిపోయాయి. చెవులకు కూడా అలవాటు కావాలి. పట్టీ రెండు కొసలూ పట్టుకుని బాగా వెడల్పుగా లాగి దించితే చెవులు మడతపడవు.

కళ్లజోడుతో ఇంకో గొడవ. వంపు తిరిగిన లావు కాడల ఫ్రేము దూరదు, దూరినా చెవి పైన నొక్కి తలనొప్పి. సన్నటి, తిన్నటి కాడలున్న ఫ్రేము ఒకటి బండి కోసమే చేయించుకున్నాను. హెల్మెట్ పెట్టాక జోడు దూర్చాలి, తీసేటప్పుడు ముందు జోడు.

మన ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? మే నెలలో మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే గాలి రంధ్రాలు ఉన్నా లేనట్టే. బండి కదిలితేనే వాటికి పని. లోపల పల్చటి కాటన్ టోపీ వేసుకుంటాను. ఒకసారి చెమటకని మందపాటి తువ్వాలు చుట్టి పెడితే పాత నుదుటి నొప్పి మళ్లీ వచ్చింది. సీజన్లో మిర్చి యార్డు వైపు పని పడితే అద్దం దించుకునే వెళ్లండి. ఘాటు లోపలికి వచ్చాక హెల్మెట్‌లో తుమ్మడం ఎలా ఉంటుందో నేను చూశాను.

రెండు వారాలకోసారి ప్యాడ్లు ఊడదీసి షాంపూ నీళ్లలో పిండుతాను. కొబ్బరినూనె రాసుకునే తలలకు ఇది తప్పదు. ఒక వేసవిలో డాబా మీద ఎండలో ఆరేస్తే ప్యాడ్ వెనక ప్లాస్టిక్ ముక్క వంగిపోయి టిచ్ బటన్ పట్టలేదు. అప్పట్నుంచీ నీడలోనే.

మూడో ఏడు మధ్యలో బుగ్గలు మళ్లీ వదులు అనిపించాయి. హెల్మెట్ మార్చకుండా కొత్త బుగ్గ ప్యాడ్ల జత వేయించాను, మళ్లీ మొదటి నెల బిగుతు వచ్చేసింది. బరువు మాత్రం ఒప్పుకోవాలి. ఒకటిన్నర కిలో దాకా ఉంటుంది, సాయంత్రానికి మెడ గుర్తు చేస్తుంది. 80 దాటితే గాలి హోరు కూడా ఎక్కువే.

ఇంట్లో మిగిలిన సమస్య మా ఆవిడది. టేపు ప్రకారం 560, పెట్టుకుంటే దిగదు, ముడి అడ్డం. ముడి విప్పి కిందికి జడ వేస్తే సరిగ్గా పట్టింది. మరి పూలు ఎక్కడ పెట్టుకోవాలని అడిగింది. దిగాక పెట్టుకోమన్నాను. అప్పటికి వాడిపోతాయట. పోయిన ఆదివారం పెళ్లికి మల్లెపూల పొట్లం ట్యాంక్ బ్యాగులో నేనే మోసుకెళ్లాను.