డైనోసార్ల పిచ్చి పట్టిన పిల్లలతో శ్రీకాకుళం నుంచి ఎక్కడికి వెళ్లాలి?

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఎంత తవ్వినా డైనోసార్ ఎముక దొరకదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయాలి. ఇక్కడి రాళ్లు ఎక్కువగా ఖొండలైట్, చార్నొకైట్. భూమి లోతుల్లో వందల డిగ్రీల వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాళ్లివి. ఆ మార్పు జరిగి సుమారు 100 కోట్ల ఏళ్లయింది. అప్పటికి ఎముకలున్న జంతువే పుట్టలేదు. శిలాజం దొరకాలంటే బురదో, ఇసుకో, సున్నమో పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి కావాలి. ఇలా చెబితే పిల్లలు నీరుగారిపోతారనుకోవద్దు. "మరి ఎక్కడ దొరుకుతాయి?" అని వాళ్లే అడుగుతారు.

ఐదేళ్లలోపు పిల్లలకు మొదటి ప్రయాణంగా తేలినీలాపురానికే మా ఓటు. టెక్కలి దగ్గరి ఊరు, నౌపడ స్టేషన్లో దిగితే ఆటోలో వెళ్లొచ్చు. చలికాలంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి. పక్షులు డైనోసార్ల వంశమే కాబట్టి, ప్రాణంతో ఉన్న డైనోసార్లను చూడ్డానికి వెళ్తున్నామని చెప్పడం అబద్ధం కాదు. బైనాక్యులర్ మీరే తీసుకెళ్లండి, అది లేకపోతే పిల్లలకు తెల్లని చుక్కలే కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లి, ఎండ ముదరకముందే తిరిగొచ్చేయాలి. బస అక్కర్లేదు. వెళ్లేముందు ఇంటి దగ్గర నాటుకోడి కాలు దగ్గరగా చూపించండి: ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి, పైనుంచి కిందదాకా పొలుసులు. తడి మన్నులో ఆ కోడిని నడిపిస్తే పడే మూడువేళ్ల అచ్చు, మాంసాహార డైనోసార్ల పాదముద్రకు చిన్న రూపం.

కళింగపట్నం బీచ్‌కి శిలాజం ఎలా తయారవుతుందో చేతులతో తెలుసుకోవడానికి వెళ్లాలి. లోపల జీవి లేని గవ్వలు, ఆల్చిప్పలు మాత్రమే ఏరండి. ఇంటికొచ్చాక బంకమన్నును రెండు వేళ్ల మందం పలకలా చేసి, చిప్పకు కొబ్బరినూనె రాసి గట్టిగా నొక్కి తీయండి. నూనె రాయకపోతే మన్ను చిప్పతోపాటు ఊడొస్తుంది. చుట్టూ అట్టముక్కతో గోడ కట్టండి. ఒక గ్లాసు నీళ్లలో రెండు గ్లాసుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి కొద్దికొద్దిగా చల్లుతూ మెల్లగా కలపండి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది, గబగబా గిలక్కొడితే బుడగలు చేరి అచ్చు నిండా కన్నాలు పడతాయి. నీళ్లు ఎక్కువైతే సుద్దలా రాలిపోతుంది. కలిపిన వెంటనే పోసేసి, గంటసేపు కదపకండి. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, చర్మం కాలేంత వేడి పుట్టొచ్చు. అందుకే పిల్లల చేతినే అచ్చు తీద్దామని పచ్చి ప్లాస్టర్లో పెట్టించకూడదు. మిగిలింది సింక్‌లో పోస్తే పైపు మూసుకుపోతుంది.

బొర్రా గుహలు అందమైనవే, కానీ అవి శిలాజాలు కావు. సున్నం కరిగిన నీరు చుక్కచుక్కగా పడి కట్టిన ఆకారాలవి. విజయనగరం నుంచి ఎస్.కోట, అనంతగిరి మీదుగా కారులో వెళ్లి అదే రోజు తిరిగి రావొచ్చు. కిరండూల్ రైలు కూడా ఎస్.కోటలో ఆగుతుంది. మెట్లు తడిగా ఉంటాయి, జారే చెప్పులు వద్దు.

రాజమండ్రి వైపు లావా పొరల మధ్య సున్నపురాయిలో సముద్రపు చిప్పల శిలాజాలున్నాయి. ఆ లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది, డైనోసార్లు అంతరించిన కాలం! ఆంధ్రలో ఇంత గొప్ప పాఠం మరోచోట లేదు. అయితే గౌరీపట్నం చుట్టుపక్కల అవి బయటపడేది పనిచేస్తున్న క్వారీల్లో. లారీలు, పేలుళ్లు, నిలువు గోడలు. చిన్నపిల్లలతో అటు వెళ్లొద్దు.

అసలు ఎముకల కోసం మాత్రం హైదరాబాదే. నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసినది. మన తెలుగు పల్లె పేరు దాని శాస్త్రీయ నామంలోనే (కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్) ఉంది. వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. కనీసం 12 జంతువులకు చెందిన 840 దాకా ఎముకలు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. కాబట్టి ఆ తల ఊహించి చేసినది. ఈ విషయం పిల్లలకు తప్పక చెప్పండి, తెలిసిందీ ఊహించిందీ వేరుచేసి చూడటం అక్కడే అలవాటవుతుంది. పిల్లవాడి ఎత్తుకి ఒక రిబ్బను కత్తిరించి తీసుకెళ్లి, దూరం నుంచే కాలి ఎముకతో పోల్చమనండి. లోపల గంటన్నరకు మించి కూర్చోబెట్టకండి, ప్లానెటేరియం షో కూడా అదే పూట పెడితే చిన్నవాళ్లు నిద్రపోతారు.

విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్ శ్రీకాకుళం రోడ్‌లో ఎక్కొచ్చు. పార్వతీపురం, బొబ్బిలి వాళ్లకు నాగావళి ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా లాడ్జీలు చౌకే గానీ రాత్రంతా రొద. పిల్లలుంటే లక్డీకాపూల్, నాంపల్లి వైపు గది తీసుకోవడం మేలు. మ్యూజియానికి అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గరే, కానీ పైకి ఎత్తు ఎక్కాలి, స్ట్రోలర్ కంటే ఆటో నయం. జూ పార్కులోని డైనోసార్లు బొమ్మలే. పరిమాణం చూపించడానికి సరే, దానికోసం ఒక రోజు పెట్టక్కర్లేదు. సోమవారం జూకి సెలవు.

తెలంగాణ దాకా వెళ్లలేని ఇచ్ఛాపురం, పలాస వాళ్లకు భువనేశ్వర్ దగ్గర. ఆచార్య విహార్‌లోని ప్రాంతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పెద్ద తిమింగలం అస్థిపంజరం ఉంది. డైనోసార్ కాకపోయినా, ఒక జంతువు ఎముకలు ఎంత పెద్దవిగా ఉండగలవో పిల్లలకు బోధపడేది అక్కడే.

కోల్‌కతా బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బరాపాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. అది కూడా సిరొంచా దగ్గర, గోదావరి లోయలో దొరికినదే. దాన్ని 1977లో నిలబెట్టారు. విద్యాసంస్థ ఆవరణ కాబట్టి ముందుగా రాసి అనుమతి తీసుకున్నాకే హౌరా టికెట్ కొనండి. ఎనిమిదేళ్లు దాటి, చదివింది గుర్తుపెట్టుకుని ప్రశ్నలు వేసే పిల్లలైతేనే ఆ రాత్రి ప్రయాణం గిట్టుబాటవుతుంది.