నిలువు మౌస్‌తో మూడేళ్లు: చెయ్యి బాగుపడింది, కానీ ఆ ఘనతంతా మౌస్‌ది కాదు

నాకు నొప్పి మొదలైంది మణికట్టులో కాదు, ముంజేయి పైభాగంలో, మోచేతికి నాలుగు వేళ్ల కింద. సాయంత్రానికి అక్కడ కండ పట్టేసేది. సీసా మూత తియ్యాలన్నా ఎడమ చెయ్యే దిక్కు. అప్పుడు కొన్నాను ఈ నిలువు మౌస్.

మామూలు మౌస్ మీద అరచెయ్యి బోర్లా ఉంటుంది. అలా తిప్పినప్పుడు ముంజేతిలోని రెండు ఎముకలూ ఒకదాని మీదుగా ఒకటి వస్తాయి, గంటలకొద్దీ అలాగే ఉంటాయి. నిలువు మౌస్ పట్టుకుంటే చెయ్యి ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు ఉంటుంది, ఆ మెలిక చాలావరకు వదులుతుంది. నెలన్నరకి లాగడం సగం తగ్గింది.

మొదటి వారం మాత్రం చుక్కలు కనిపించాయి. విండో మూసే ఇంటూ గుర్తు మీదకి బాణం పోనే పోదు. పైగా ఇందులో బటన్ కిందికి కాదు, పక్కకి నొక్కాలి. చూపుడువేలు నొక్కగానే మౌస్ ఎడమకి జరుగుతుంది, జరక్కుండా బొటనవేలితో అదిమిపట్టాలి. రెండో నెలకల్లా బొటనవేలి మొదట్లో కొత్త నొప్పి! పాయింటర్ స్పీడు పెంచి, పట్టు వదులు చేశాకే అది పోయింది. కీబోర్డు మీంచి చెయ్యి తెస్తూ ఎన్నిసార్లు దాన్ని పడగొట్టానో లెక్కలేదు.

ముంజేతితో పాటు భుజం కూడా నొప్పి పెట్టేది, దాని కారణం తెలియడానికి ఏడాది పట్టింది. కీబోర్డుకి కుడివైపు అంకెల మీటలుంటాయి కదా, వాటి అవతల మౌస్ పెట్టడంతో రోజంతా చెయ్యి పక్కకి చాచి ఉండేది. ఆ మీటలు లేని పొట్టి కీబోర్డు కొని, దాని వెనకవైపు ఎత్తు కోసం ఉండే బుల్లి కాళ్లు కూడా మడిచేశాను. నిజం చెప్పాలంటే మౌస్ కన్నా ఇదే ఎక్కువ మేలు చేసింది.

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. దానికి మౌస్ ఏమీ చెయ్యలేదు. ఫిజియోథెరపిస్ట్ మొదట అడిగింది చిటికెనవేలి గురించి. అది బాగానే ఉందంటే, మణికట్టు దగ్గర నలుగుతున్నది మీడియన్ నరమే కావొచ్చన్నారు. చిటికెనవేలికి వెళ్లే నరం వేరట. నిద్రలో మణికట్టు మడతపడకుండా రాత్రిపూట స్ప్లింట్ కట్టుకోమన్నారు. కొన్ని వారాల్లో తిమ్మిరి తగ్గింది. ఇలాంటి తిమ్మిరి ఉన్నవాళ్లు, ముఖ్యంగా చేతిలోంచి వస్తువులు జారిపోతున్నవాళ్లు, మౌస్‌లు వెతుక్కుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించుకోండి.

ముంజేతికి చెప్పిన వ్యాయామం చాలా తేలిక. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో మణికట్టు పైకెత్తి, మెల్లగా దించాలి. దించడమే అసలు పని. మొదట్లో సగం సీసా కూడా బరువనిపించింది.

విరామాలు గుర్తుచేయడానికి వర్క్‌రేవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. మొదటి మూడు నెలలు అది ఆగమన్న ప్రతిసారీ స్కిప్ కొట్టాను. ఆ స్కిప్ కొట్టడానికీ అదే చూపుడువేలు!

మూడో ఏడు మౌస్ పైనున్న రబ్బరు జిగురుగా మారింది. అయినా మళ్లీ నిలువుదే కొన్నాను, ఈసారి కాస్త చిన్న సైజు. పాతదాన్ని పట్టుకోవాలంటే వేళ్లు సాగదీయాల్సి వచ్చేది, ఆ సంగతి కొత్తది చేతిలోకి వచ్చాక గాని తెలియలేదు.