చిన్న గదిలో బ్యాండ్ వింటుంటే ఎక్కడ నిలబడాలి: వేదిక ముందా, మిక్సర్ పక్కనా?

వందమందితో నిండిపోయే గది, మోకాలెత్తు వేదిక. ఇలాంటి చోట సీటు నంబర్లుండవు. తలుపు తీయగానే చాలామంది ముందుకు ఉరుకుతారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఇప్పుడు అడుగు పెట్టగానే మిక్సర్ బల్ల, అంటే గొంతులనూ వాయిద్యాలనూ కలిపి సర్దే చోటు, ఎక్కడుందో వెతుక్కుంటాను.

ముందు వరసకు ఉన్న అందం ఇంకెక్కడా లేదు. తీగ మీద వేలు జారేటప్పటి గీరుడు శబ్దం, పల్లవి ఎత్తుకోబోయే ముందు గాయని తీసుకునే ఊపిరి, డ్రమ్మరూ బేస్ వాయించేవాడూ కళ్లతోనే మాట్లాడుకోవడం, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి.

చిక్కంతా వినడంలో ఉంది. గొంతును మనకు చేర్చే స్పీకర్లు వేదికకు అటూ ఇటూ ఉంటాయి. నడిమధ్యన, మరీ ముందు నిలబడితే వాటి శబ్దం మన పక్కనుంచి దాటిపోతుంది. నేల మీది మానిటర్లేమో, అంటే పాడేవాళ్లు తమ పాట తాము వినడానికి పెట్టుకునే స్పీకర్లు, వాళ్ల వైపే తిరిగి ఉంటాయి. ఇక మన చెవికి నేరుగా తగిలేవి డ్రమ్ములు, గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె). ఆంప్‌లోని ట్రెబుల్, అంటే పై శ్రుతులు, టార్చి వెలుగులా సూటిగా వస్తుంది. ఎదురుగా ఉంటే గుచ్చుకుంటుంది, పక్కకు రెండడుగులు జరిగితే మెత్తబడుతుంది. ఈ హోరులో మాటలు మునిగిపోతాయి. పాపం, తప్పు పాడేవాళ్ల మీదికి పోతుంది.

మిక్సర్ దగ్గర కథ వేరు. సౌండ్ చూసే మనిషి తన చెవికి ఏది ఎంత కావాలో అంతే కలుపుతారు కాబట్టి, ఆ చెవి పక్కన మన చెవి ఉంటే పాట పొందికగా వినిపిస్తుంది. మొదటి రెండు పాటలకు మాత్రం ఓపిక పట్టాలి. సౌండ్‌చెక్, అంటే కచేరీకి ముందు శబ్దం సరిచూసుకోవడం, ఖాళీ గదిలో చేసి ఉంటారు. జనం నిండాక ఒళ్లూ బట్టలూ పై శ్రుతులను పీల్చేసుకుంటాయి, మళ్లీ సర్దాల్సి వస్తుంది. బల్ల వెనక గోడకు ఆని ఉంటే దాని ముందే నిలబడండి, ఎందుకంటే బేస్, అంటే కింది శ్రుతుల మోత, గోడల దగ్గరా మూలల్లోనూ పేరుకుంటుంది. కబుర్లు చెప్పుకునేవాళ్లు వెనకే చేరతారు, ఆ బెడద తప్పదు.

వెనక ఉంటే చెవులు భద్రమనుకోవద్దు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది గానీ, గదిలో గోడలు తిరగగొట్టడం వల్ల అంత తగ్గదు. వృత్తి ఆరోగ్య లెక్కల్లో ఒకటి ప్రకారం 85 డెసిబెల్స్ 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. ఎక్కడ నిలబడినా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. నురుగు రకం ట్రెబుల్‌ను ఎక్కువగా మింగేస్తుంది. సంగీతకారులు వాడే ఫిల్టర్ రకం అన్నిటినీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తుంది.

ఒక గిటారు, ఒక గొంతు మాత్రమే ఉంటే ముందు వరసే, ఆలోచించక్కర్లేదు. డ్రమ్స్‌తో నిండు బ్యాండ్ అయితే, అందులోనూ కొత్త పాటలైతే, నా ఓటు మిక్సర్ పక్కకే. మాటలు తెలియాలి కదా. నాకు కంఠతా వచ్చిన పాట ఎత్తుకున్నారంటే మాత్రం జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వెళ్లిపోతాను. అక్కడ వినిపించని మాటలు నా నోట్లో ఉంటాయి.